నాలుగు నిమ్మకాయలు

మొన్న మా అబ్బాయి కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు చితికాయి. ఆ వాసనకి నాకు ఒకటే నవ్వు.

డెబ్బైల్లో మాట. నాకు తొమ్మిదేళ్లు. బెజవాడ వన్ టౌన్‌లో మా వీధి కొండ వైపు నుంచి వాలుగా దిగేది. పిల్లలం చెక్కలకి లారీల పాత బేరింగులు బిగించి బండ్లు చేసుకునేవాళ్లం. ఆ ఆదివారం పందెంలో నాలుగు బండ్లు. ఆడపిల్లని నేనొక్కదాన్నే. ఓడిపోతే ఇక బండి ముట్టుకోనివ్వనన్నాడు మా అన్న.

బయల్దేరేముందు మా నాయనమ్మ వచ్చి నా బండికి బొట్టు పెట్టింది. నాలుగు బేరింగుల ముందూ నాలుగు నిమ్మకాయలు పెట్టి, "తొక్కించుకుని వెళ్లవే, దిష్టి పోద్ది" అంది.

పక్కింటి కరీం ఈల వేశాడు. మూడు బండ్లు గరగరమంటూ దూసుకుపోయాయి. నాది కదల్లేదు. బేరింగులు చిన్నవి, నిమ్మకాయలు లావువి.

"తీసెయ్యవే వాటిని!" అంటూ కరీం వెనక నుంచి నెట్టాడు.

"అమ్మో, తీస్తే బండికేమన్నా అవుద్ది! నువ్వు నెట్టరా!"

ఇంతలో కింద ఢామ్మంది. మూడు బండ్లూ ఒకదాన్నొకటి తగులుకుని, పందెం ముగిసే గీత దాటకుండానే బెల్లం తోపుడుబండిని గుద్దేశాయి. అప్పటికి నా నిమ్మకాయలు చితికాయి. నేను మెల్లగా దిగి, బెల్లం దులుపుకుంటున్న మా అన్న పక్క నుంచి గీత దాటాను.

"తొండి!" అన్నాడు అన్న.

"తొండి కాదురా, మహిమ" అంది నాయనమ్మ.

కదలని బండి దేన్నీ గుద్దదని నాకు చాలా ఏళ్లకి తెలిసింది. అయినా మొన్న కారు కింద నిమ్మకాయలు పెట్టింది నేనే.