బిక్షపతి గ్రెమ్లిన్

బచ్చన్నపేటలో ఏ మిషన్ చెడిపోయినా బిక్షపతి దగ్గరికే తెస్తారు. వైమానిక దళంలో ఇరవై ఏళ్లు విమానాలు బాగుచేసి వచ్చిన మనిషి. చేతిలోకి స్పానర్ రాకముందే నోట్లోంచి కబుర్లొస్తాయి. గాలిలో ఇంజన్ ఆగితే ‘డెడ్ స్టిక్’ అంటారనీ, తిరగడం మానిన రెక్క కట్టెలా నిలబడిపోతుందని ఆ పేరు పెట్టారనీ బోరు మోటారు తెచ్చిన రైతుకు కూడా చెప్పాల్సిందే. వినకపోతే మోటారు ఇవ్వడు!

దసరా వెళ్లిన మూడో రోజు, పత్తిచేనులో మందు కొడుతున్న డ్రోన్ కూలింది. కలుపు తీస్తున్న గట్టమ్మ తలకు జానెడు దూరంలో పడింది. అది మహిళా సంఘం డ్రోన్, నడిపేది పద్మలత. సంఘం పెద్ద సరళ ఆమెను అక్కడికక్కడే ఆ పని నుంచి పక్కన పెట్టేసింది. ఇద్దరూ డ్రోన్ మోసుకుని బిక్షపతి ఇంటికొచ్చారు.

“నేనేం తప్పు చెయ్యలే కాకా. ఉన్నట్టుండి గిర్రున తిరిగి పడ్డది,” అంది పద్మలత.

“గ్రెమ్లిన్ పని గది బిడ్డా,” అన్నాడు బిక్షపతి హుషారుగా. “ఎనకట ఇంగ్లీషు పైలట్లు పెట్టిన పేరు. కారణం దొరక్కుంటే మిషన్ల చిన్న దయ్యం దూరిందనేటోళ్లు. పైలట్, మెకానిక్ ఒకలమీదొకలు పడకుంట గదొక ఉపాయం.”

“దయ్యమంటే సంఘం ఒప్పుకుంటదా? తప్పు పద్మలతదే,” అంది సరళ.

ఒక రెక్క కట్టెలా బిగుసుకుపోయి ఉంది. బిక్షపతి దాని మోటారు విప్పాడు. లోపల, ఇరుసుకు చుట్టుకుని, ముడితో సహా ఎర్రదారం.

బిక్షపతి ఆ దారాన్ని గుర్తుపట్టాడు. దసరా నాడు డ్రోన్‌కు పూజచేసి, ఆ దారంతో నిమ్మకాయ కట్టింది తనే. మర్నాడు కత్తిరించి తీసేసిందీ తనే. ముక్క మిగిలిందేమోనని చూడలేదు. పనయ్యాక ఒక్క స్పానర్ లెక్క తప్పినా విమానాన్ని కదలనివ్వని మనిషి, ఇంటి ముందర పనికి అంత లెక్క ఎందుకనుకున్నాడు. గట్టమ్మ తల! ఛీ, తన బతుక్కి!

దారం గుప్పిట్లో ఉంది. ఎవరూ చూడలేదు. గ్రెమ్లిన్ అని ఎలాగూ అనేశాడు.

“ఏమన్న దొరికిందా కాకా?” అంది పద్మలత. ఆ పిల్ల కళ్లలోకి చూడలేకపోయాడు.

గుప్పిట విప్పి సరళ ముందు పెట్టాడు. “దయ్యం లేదు, గియ్యం లేదు. గిది కట్టింది నేను. గీ పొల్ల తప్పేం లేదు.”

చెప్పులు కూడా వేసుకోకుండా గట్టమ్మ ఇంటికి నడిచాడు.