బూష్తా నడుము

బెర్రెషీద్ దగ్గర ఒక పెళ్ళిలో రెండో విడత పాటలు అయ్యాక, మా బేస్ గిటార్ వాయించే బూష్తా, భుజం పట్టేసిందని డేరా అడ్డకర్ర పట్టుకుని వేలాడాడు. డేరా కూలింది. లోపల పెళ్ళికొడుకు, అతని మేనమామలు, పెళ్ళి రాయడానికి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు, ఊళ్ళో సగం మంది ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. కూస్‌కూస్ పళ్ళేలు కూడా క్షేమం. గుడ్డ కింద ఎక్కడినుంచో బూష్తా గొంతు మాత్రం వినిపించింది.

“హమ్మయ్య, వదిలింది!”

బూష్తా లెక్కలో లోకంలో ఉన్నవి రెండే రకాలు: నడుముకు పడేవి, నడుముకు పడనివి. సెత్తాత్ ఊరు పడుతుంది, అంతా చదును. ఫెజ్ పడదు, ఎటు చూసినా మెట్లు. చలికాలం పడదు. మెత్తటి పరుపు పడదు. మా అత్తగారు పడుతుంది, ఎందుకంటే ఆవిడ వచ్చిన రోజున నేను ఇంట్లో ఉండకుండా అతని దగ్గరికొచ్చి నడుము తొక్కుతాను. ఒకసారి ఎవరో మంచి సంబంధం తెచ్చి, “పిల్ల బంగారం, ఇల్లు మూడో అంతస్తు” అంటే, “పిల్లకి నా సలాం చెప్పండి” అని టీ గ్లాసు కింద పెట్టేశాడు.

రెండో అలవాటు నిరాశ. ప్రతి పెళ్ళికీ ముందు మా అందరి దగ్గరా సెలవు తీసుకునేవాడు. “ఇదే ఆఖరు. అయిపోయింది. గిటార్ నువ్వు తీసుకో తీబారీ, పెట్టె మాత్రం మా చెల్లికి ఇవ్వు, ఉల్లిపాయలు పోసుకుంటుంది.” తీబారీ అంటే నేనే. బృందానికి పెద్దని, కీబోర్డు వాయిస్తాను, వ్యాను నాదే. ఆ గిటార్ నాకు ఎన్నిసార్లు వారసత్వంగా వచ్చిందో చెప్పలేను.

నొప్పి మొదట్లో నిజమే. బేస్ గిటార్ అంటే నాలుగు లావు తీగలున్న గుమ్మం తలుపు. దాన్ని ఎడమ భుజానికి వేలాడదీసుకుని, పెళ్ళివారు విసిగేదాకా నిలబడి వాయించాలి. ఇరవై ఏళ్ళు అలా వాయించేసరికి ఎడమ భుజం కిందికి, కుడి భుజం పైకి వెళ్ళిపోయి, మధ్యలో నడుము మెలిపడి, దర్జీ అతని జెల్లాబా కుట్టడానికి రెండు కొలతలు తీసుకునేవాడు. కాసాబ్లాంకాలో డాక్టరు ఒక్క ముక్కలో తేల్చేశాడు.

“గిటార్ మానేయండి.”

“ఊపిరి మానెయ్యనా?” అని అడిగాడట బూష్తా.

“అది మానితే నొప్పే తెలియదు, కానీ మానకండి.”

ఆ రోజు మా బూష్తా వ్యాను వెనకసీట్లో పడుకుని, సెత్తాత్ వచ్చేదాకా గిటార్ పెట్టె గొళ్ళెం తీస్తూ వేస్తూ ఉన్నాడు. మనిషి బేస్ మీద బతికినవాడు. పెళ్ళిలో బేస్ ఉందని ఎవరికీ తెలియదు, లేకపోతే మాత్రం ఆడవాళ్ళ నడుములు ఆడవు. “నేను వాయించకపోతే ఎవరికీ తెలియదురా, అదే నా ఏడుపు” అన్నాడు దిగేటప్పుడు.

అక్కణ్ణుంచి మొదలైంది మా అందరి ఏడుపు.

ముందు గుర్రపు జీన్లు కుట్టేవాడి దగ్గరికి వెళ్ళి, కంచరగాడిద పొట్టకు కట్టేంత వెడల్పు పట్టీ కుట్టించి, లోపల గొర్రె ఉన్ని పెట్టించాడు. బరువు భుజమంతా పరుచుకుంది. దాంతోపాటు వాసన కూడా పరుచుకుంది. తర్వాత వడ్రంగి చేత గిటార్ చెక్కను తీగలకు అవసరం లేనంత మేరా కోయించాడు. ఇప్పుడది ఎవరో కొరికి వదిలేసిన రొట్టెలా ఉంటుంది. గిటార్ మెడ పైకి ఎత్తి పెట్టుకుంటే మణికట్టు వంగదని కనిపెట్టి, దాన్ని మసీదు మినారులా నిలబెట్టి వాయించడం మొదలుపెట్టాడు.

అన్నిటికీ మించింది కుర్చీ. చేతులు లేని వంటింటి కుర్చీ, కాళ్ళు కోయించాడు, వీపు దగ్గర మేకతోలు దిండు కట్టాడు, ఎడమ పాదం కిందికి బోర్లించిన టమాటా పెట్టె. అది తప్ప ఇంకే కుర్చీ నడుముకు పడదు. బరువులు ఎత్తకూడదు కాబట్టి ఆ కుర్చీ మోసేది ఎవరు? నేను. ఏ ఊరు వెళ్ళినా పెళ్ళివారు ముందు చూసేది, బృందం పెద్ద నెత్తి మీద కుర్చీతో దిగడం.

విడతల మధ్య తివాచీ మీద వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచేవాడు. ఖూరిబ్గాలో ఒక పెళ్ళిలో అలా కళ్ళు మూసుకుని పడుకుని ఉంటే ఎవరో పుణ్యాత్ములు తెల్లదుప్పటి కప్పారు. ఒక ముసలమ్మ తలదగ్గర కూర్చుని దువా మొదలుపెట్టింది. బూష్తా ఒక కన్ను తెరిచాడు.

“ఇప్పుడే వద్దు పిన్నీ. ఇంకో నాలుగు పాటలున్నాయి.”

ముసలమ్మకు నీళ్ళు చల్లాల్సి వచ్చింది.

ఇంతవరకూ భరించాం. కానీ బూష్తా మా అందరినీ కూడా కూర్చోమన్నాడు.

“నేనొక్కణ్ణే కూర్చుని మీరు నిలబడితే ఎలా ఉంటుంది? నేను ఆసుపత్రిలో రోగిలాగా, మీరు చూడ్డానికొచ్చిన చుట్టాల్లాగా ఉంటాం. నాకు సిగ్గు. అందరూ కూర్చోండి, లేదా నేను పోతాను. ఎలాగూ పోయేవాణ్ణే అనుకోండి.”

అందరికన్నా ఎక్కువ మండిపడింది సీ మాతి. మా వయొలిన్ ఆయన. మా నాన్న పెళ్ళిలోనూ వాయించాడు, నా పెళ్ళిలోనూ వాయించాడు. వయొలిన్ కింది కొసని నడుంపట్టీకి ఆనించి, నిటారుగా నిలబెట్టి, కమాను లాగాడంటే డేరా వెనక కట్టేసిన గుర్రాలు కూడా చెవులు రిక్కించేవి.

“నడుములెక్కడివిరా ఈ కాలం వాళ్ళకి?” అని మొదలుపెట్టేవాడు ప్రతిసారీ. “మా రోజుల్లో పొద్దు పొడిచేదాకా నిలబడి వాయించేవాళ్ళం. కూర్చోవడమేంటి, పిండి జల్లించే ఆడవాళ్ళలాగా!”

“నా ఖర్మ సీ మాతీ, క్షమించండి.”

“సరే, ఏడవకు. నీకోసం కూర్చుంటాను. నాకేమో కూర్చుంటే ఒళ్ళు నొప్పులు.”

అలా గొణుక్కుంటూ కూర్చుని, వయొలిన్ ఎడమ తొడ మీద నిలబెట్టుకునేవాడు. ఆయన ఒక పొడుగాటి ఆలాపన ముగించాడో లేదో, బూష్తా “అబ్బా, భుజం!” అని అరిచేవాడు. ఆట ఆగేది. టీ వచ్చేది. నాకు ఒళ్ళు మండేది.

ఎందుకంటే కాలం మారింది. ఇప్పటి బృందాల్లో కుర్రాళ్ళు గిటార్లతో గంతులేస్తారు, వీడియోవాడు వాళ్ళ చుట్టూ తిరుగుతాడు. మా వీడియోల్లో అయిదుగురం వరసగా కూర్చుని, పంటి డాక్టరు పిలుపు కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటాం. పెళ్ళిళ్ళు ఒక్కొక్కటే జారిపోయాయి. ఆ వేసవికి మిగిలింది ఒకే పెద్ద పెళ్ళి, పలకరాళ్ళ వ్యాపారి హాజ్ కబ్బూర్ కూతురిది. ఆయన ముందే చెప్పేశాడు.

“నిలబడి వాయించాలి. నా బావమరిది వీడియో తీయడానికి కెమెరాని పైకి ఎత్తే యంత్రం తెస్తున్నాడు. కూర్చుంటే ఇదే మీకు మా ఊళ్ళో ఆఖరి పెళ్ళి.”

నేను బూష్తాని వ్యాను పక్కకు తీసుకెళ్ళాను.

“ఇవాళ నిలబడతావా, లేదా? నిలబడకపోతే బేస్ నా కీబోర్డు మీద ఎడమచేత్తో నేనే వాయించుకుంటాను. ఇక నీకు కుర్చీ ఉండదు, నాకు మెడ నొప్పి ఉండదు.”

గిటార్ నాకిస్తానంటాడనుకున్నాను. అనలేదు. వడ్రంగి కోసిన చెక్క అంచుని వేలితో రుద్దుతూ, “ఈ ఒక్క పెళ్ళీ కూర్చుందాం తీబారీ. తర్వాత నీ ఇష్టం” అన్నాడు.

“తర్వాత అనేది ఉండదురా! అర్థం కాదా నీకు?”

“అయిపోయింది అంటావు.”

“అయిపోయింది!”

“ఆ మాట నాదిరా” అన్నాడు దిగులుగా, కుర్చీ వైపు నడుస్తూ.

వాళ్ళు నలుగురూ కూర్చున్నారు. నేను మాత్రం కీబోర్డు ముందు నిలబడ్డాను, హాజ్ కబ్బూర్ చూస్తాడని. ఆయన చూశాడు. చూసి, వేలితో అందరినీ లెమ్మని సైగ చేశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక పల్లకీ వచ్చింది. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసే లల్లా రఖియా ముందు నడుస్తుంటే, నలుగురు వస్తాదులు పల్లకీని భుజాలమీద పెట్టుకుని మా పాటకు అడుగులేస్తూ తిప్పుతున్నారు. పెళ్ళికూతురు పైనుంచి చేతులూపుతోంది. ఆడవాళ్ళు నాలుకలాడిస్తూ యూయూ అని సంబరం కేకలు పెడుతున్నారు. పెళ్ళికూతురికి స్వాగతంగా తెచ్చిన పాలు ఎవరో నేలమీద ఒలకబోశారు. ముందువైపు వస్తాదు కొత్త బలఘా చెప్పులు వేసుకున్నాడు. పాలూ కొత్త చెప్పులూ కలిశాయి.

పల్లకీ ఒక మూల వంగింది. పెళ్ళికూతురు కిరీటం ముక్కు మీదికొచ్చింది. “అమ్మాయి!” అని లల్లా రఖియా పెట్టిన కేకకి నా వేళ్ళు బిగుసుకుపోయాయి.

తర్వాత నేను చూసింది చెబితే మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు. టమాటా పెట్టె ఒకవైపు ఎగిరింది. మేకతోలు దిండు ఇంకోవైపు ఎగిరింది. బూష్తా గిటార్‌ని నా కాళ్ళ దగ్గరికి తోసి, ఒక్క గెంతులో వెళ్ళి పల్లకీ కింద భుజం పెట్టాడు. ఎడమ భుజం! పెట్టి, లేపాడు. లేపి ఊరుకున్నాడా? తాళం ఆగితే పెళ్ళికూతురు భయపడుతుందని కాబోలు, “వాయించు తీబారీ!” అని అరిచి అడుగు వేశాడు. నేను కీబోర్డు మీద ఎడమచేత్తో బేస్ వాయించాను. అతను పల్లకీ మోస్తూ ఆడాడు. డేరా చుట్టూ తిరిగాడు. మలుపు దగ్గర మోకాళ్ళు వంచి మరీ ఊపాడు. ఎత్తే యంత్రం మీది కెమెరా ఒక్క క్షణం కూడా అతన్ని వదల్లేదు.

జనం చప్పట్లు కొడుతున్నారు. నాకు మాత్రం ఇన్నాళ్ళూ మోసిన కుర్చీ నెత్తిమీద ఎక్కడెక్కడ తగిలేదో అక్కడల్లా మంటపుట్టింది.

పెళ్ళికూతుర్ని దించాక, మాకు టీ పెట్టిన మూల బూష్తాని పట్టుకున్నాను.

“నీ నడుం?”

“ఏ నడుం?”

“ఒరేయ్!”

బూష్తా చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. “బాగైపోయిందిరా. కిందటి ఆలివ్ కాయల కాలం నుంచే. కుర్చీ, పట్టీ, ఆ పడుకోవడాలూ, అన్నీ పనిచేశాయి. నా ఖర్మ. ఎవరికీ చెప్పకు.”

“బాగైందా! మరి ఆ కుర్చీ నాతో ఎందుకు మోయిస్తున్నావు? హాజ్ దగ్గర మా అందరి నోట్లో మట్టి ఎందుకు కొడుతున్నావు?”

అతను గడ్డంతో వేదిక వైపు చూడమన్నాడు.

సీ మాతి తన కుర్చీలోంచి లేవబోతున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టాడు. పైకి లేచి, మళ్ళీ కూలబడ్డాడు. ఎవరైనా చూశారేమోనని వయొలిన్ మరలు తిప్పుతున్నట్టు నటించాడు. మళ్ళీ ప్రయత్నించాడు. ఈసారి పక్కనున్న బూష్తా కుర్చీ వీపు పట్టుకుని, దాన్ని ఊపిచూసి, “ఈ బూష్తాగాడి కుర్చీ గట్టిదేనా అని చూస్తున్నా” అని గాలికి చెప్పి, నిలబడ్డాడు.

“ఖూరిబ్గాలోనూ ఇదే మాట అన్నాడు” అన్నాడు బూష్తా. “అప్పటికి నేను నిలబడదామనే అనుకుంటున్నా. ఆ మోకాళ్ళు అయిపోయాయిరా. ఆయన కుర్చీ అడుగుతాడా? చస్తే అడగడు. ఆయన ఒక్కడే కూర్చుంటే పెళ్ళివాళ్ళేమంటారు? ముసలాయన పనైపోయింది, కుర్రాణ్ణి తెచ్చుకోండి అంటారు. నువ్వూ తెస్తావు.”

“నేనెందుకు తెస్తాను?”

“తేవూ?”

నేను టీలో పుదీనా ఆకులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ఇంతలో సీ మాతి మెల్లగా మా దగ్గరికొచ్చాడు. బూష్తాని పైనుంచి కిందిదాకా చూశాడు.

“ఏరా, పల్లకీలు మోస్తున్నావట! మరి రేపణ్ణుంచి నిలబడతావా?” అన్నాడు. గొంతు గంభీరంగానే ఉంది. చెయ్యి మాత్రం వయొలిన్ మెడని గట్టిగా పట్టుకుని ఉంది.

బూష్తా వెంటనే నడుం పట్టుకుని “అమ్మా!” అన్నాడు. అంత నీచమైన నటన నేను జన్మలో చూడలేదు. “చచ్చాను సీ మాతీ. ఉన్న కాస్తా విరిగింది. ఇక జీవితంలో నిలబడలేను. అయిపోయింది.”

“నేను ముందే అనుకున్నా” అన్నాడు సీ మాతి. మొహం వెలిగిపోతోంది. “నడుములెక్కడివిరా మీకు! పద, పద. నీకోసం కూర్చుంటాను.”

మళ్ళీ వేదిక ఎక్కాం. నేను టమాటా పెట్టె వెతికి తెచ్చి బూష్తా పాదం కింద పెట్టాను. దిండు దులిపి కట్టాను. తర్వాత కీబోర్డు కాళ్ళు కిందికి దించి, స్టూలు లాక్కుని నేనూ కూర్చున్నాను.

అది చూసి హాజ్ కబ్బూర్ జెల్లాబా అంచులు ఎత్తిపట్టుకుని వేదిక దగ్గరికి ఉరికొచ్చాడు.

“ఏంటయ్యా ఇది! ఇందాక మా అమ్మాయిని డేరా చుట్టూ మోసినవాడికి కెమెరా ముందు నిలబడ్డానికి ఏమొచ్చింది? అతనికంటే ఏదో ఉందనుకుందాం, మిగతా నలుగురికీ ఏం రోగం?”

నేను నోరు తెరిచాను. నాకంటే ముందు బూష్తా, గిటార్ మెడని పైకెత్తి సర్దుకుంటూ, తన మామూలు ఏడుపు గొంతుతో అన్నాడు:

“మా అయిదుగురికీ కలిపి ఉన్నది ఒక్క నడుమే హాజ్, దాన్ని ఇందాక మీ అమ్మాయికి అరువిచ్చాం.”