మంచు బొంత

మేడ్చల్ల ఎక్కిన బస్సుల నా పక్కన కూసున్న పిల్ల లద్దాఖ్‌ల పని జేస్తదట. అక్కడ ఎండాకాలం సుత లోపల గడ్డకట్టే ఉండే నేల ఉంటదట. దాని చలి కొలుస్తదట. నాకు మస్తు కుళ్లు పుట్టింది. నేను మంచును ఫ్రిజ్‌లనే సూసిన.

"మంచు పడితే నేల ఇంకా సల్లబడ్తది గదా?" అన్న, అన్నీ తెలిసినట్టు.

"లేదక్కా, మంచు బొంత లెక్క. మందంగ పడ్డకాడ నేలల ఉన్న కాస్త వేడిని బైటికి పోనియ్యదు. గాలికి మంచు కొట్టుకపోయినకాడనే నేల ఇంకా బిగుస్తది."

బొంత అనంగనే నాకు కడుపుల మండింది. మా అవ్వ తన పాత చీరలన్నీ కలిపి ఒక్కటే బొంత కుట్టి చెల్లెకిచ్చింది. "నువ్వు పెద్దదానివి, చలికి ఆగుతవ్" అన్నది నాతోని.

ఆ పిల్ల షామీర్‌పేట కాడ దిగిపోయింది. ఇగ చలికాలమొస్తే చెల్లె మీదనే కాదు, మంచు బొంత కప్పుకున్న గా నేల మీద సుత కుళ్లుకుంట.