ఏం లేదు తాతా

ఎడిన్‌బర్గ్‌లో నేను చేరిన కేర్ హోమ్ లీత్ రేవుకి దగ్గర. ఒంగోలులో ఎనిమిదేళ్లు నర్సుగా చేసి వచ్చినదాన్ని, ఇక్కడ ముందు ముసలివాళ్లకి సాయంగా ఉండే కేరర్‌గా మొదలుపెట్టమన్నారు. ఒళ్లు మండింది కానీ, డ్యూటీల రోటాలో పేరు పడితే చాలనుకునే రోజులవి. నాలుగేళ్ల మా పాప ఒంగోల్లో అక్క దగ్గర ఉండేది. వీసా కాగితాలు వస్తే తెచ్చుకుందామని చూస్తూనే ఉన్నాను. అవి రావు, నేను ఎదురుచూడటం మానను.

పదకొండో గదిలో ఒక నార్వే ముసలాయన ఉండేవాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సరుకుల ఓడలో పనిచేశాడని ఆయన ఫైల్లో ఒకే ఒక్క వాక్యం ఉంది. మతిమరుపు ముదిరి, అరవై ఏళ్లు మాట్లాడిన ఇంగ్లీషు తుడిచిపెట్టుకుపోయింది. చిన్ననాటి భాష మిగిలింది. అదీ ముక్కలు ముక్కలుగానే. మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు కూడా బూట్లు విప్పనిచ్చేవాడు కాదు. విప్పబోతే చెయ్యి విసిరేవాడు.

చలికాలం నాలుగింటికే చీకటి పడుతుంది కదా, సరిగ్గా ఆ వేళకి కోటు తొడుక్కుని వీధి తలుపు దగ్గరికి వచ్చి నిలబడేవాడు. తాళం తీయమన్నట్టు తలుపు మీద అరచేయి ఆనించి, "ఏం... ఏం..." అనేవాడు.

మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వాగలేదు. మనం రాయడం 'ఏం' అని రాసినా పలికేది 'యేం' అనే కదా, ఆయనా అచ్చం అలాగే అన్నాడు. ఈ దేశంలో నన్ను తెలుగులో పలకరించిన మొదటి తెల్లవాడు! ఇక్కడ పెద్దవాళ్లనైనా పేరు పెట్టే పిలుస్తాం గానీ, ఆ క్షణాన నా నోట తాతా అనే వచ్చింది.

"ఏం లేదు తాతా. దా, కూర్చుందాం దా" అన్నాను.

ఆయన నా మొహంలోకి అలాగే చూశాడు. తలుపు మీది చెయ్యి తీసి నా చేతిలో పెట్టాడు. బుద్ధిగా వెనక్కి నడిచాడు.

అప్పటినుంచి ఆయన లేచాడంటే నాకే కబురు. ఇద్దరు మనుషులు బతిమాలినా కదలనివాడు నేను "ఏం లేదు తాతా" అంటే చాలు, వచ్చేసేవాడు. నా హస్తవాసి అలాంటిదని షిఫ్టు మారేటప్పుడు హ్యాండోవర్‌లో గొప్పలు పోయేదాన్ని. కుర్చీలో కూర్చున్నాక ఒక్కోసారి ఆయన కళ్లు కారేవి. వయసు మీదపడితే అంతేలే అని టిష్యూతో తుడిచేదాన్ని.

ఆయన కూతురు అబర్డీన్ నుంచి నెలకోసారి వచ్చేది. ఒక ఆదివారం నాలుగింటికి ఆవిడ అక్కడే ఉంది. తలుపు దగ్గర మా ఇద్దరి సంభాషణా విని, తెల్లబోయి చూసింది.

"నీకు నార్వే భాష వచ్చా?"

"లేదు, అది మా తెలుగు. ఏమిటి అని ఆయన అడుగుతాడు, ఏమీ లేదని నేను చెబుతాను" అన్నాను నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు. "ఏమిటి అని కాదు. మా నాన్న భాషలో అది ఇల్లు. ఇంటికి వెళ్లాలంటున్నాడు" అంది.

తర్వాత గోడ మీది ఓడ ఫోటో కింద కూర్చుని చెప్పింది. జర్మన్లు నార్వేని ఆక్రమించిన రోజున ఆ ఓడ నడిసముద్రంలో ఉందట. ఓడలన్నీ ఇంటికి వచ్చేయండని రేడియోలో జర్మన్ల ఆజ్ఞ. కెప్టెన్ అందరినీ డెక్ మీదికి పిలిచి, ఏం చేద్దామని అడిగాడు. ఇంజన్ గదిలో బొగ్గు వేసే ఇరవై ఏళ్ల ఈ తాతతో సహా ఒక్కరూ వెళ్దామనలేదు. ఓడని బ్రిటన్ వైపు తిప్పారు. ఐదేళ్లు సరుకులు మోశారు. ఎప్పుడు టార్పెడో తగులుతుందో తెలియక బూట్లతోనే పడుకునేవారు. ఇంటికి ఉత్తరం వెళ్లే దారి లేదు, అక్కణ్ణుంచి వచ్చే దారి లేదు. యుద్ధం అయ్యాక ఊరికి వెళితే, తల్లి పోయి అప్పటికి మూడేళ్లు. వారం కూడా ఉండలేక తిరిగి లీత్ చేరాడు. మళ్లీ వెళ్లలేదు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఇల్లు, ఇల్లు అని అడిగిన మనిషికి నెలన్నరగా నేనిచ్చిన జవాబు, ఇల్లు లేదని. తన మాట నా నోట విని అర్థమైందనుకున్నాడు పాపం. దాని వెనక నేను తగిలించిన రెండక్షరాలు ఆయనకి తెలియవు. నాకు తెలుసు కదా.

"మానొద్దు. ఆ మాట ఆయనతో అనేది ఇప్పుడు నువ్వొక్కదానివే" అంది కూతురు.

మర్నాడు నాలుగింటికి కోటు గుండీలు నేనే పెట్టాను. నడవా చివర కిటికీ దగ్గరికి తీసుకెళితే రేవులో క్రేన్లు కనిపిస్తాయి. "ఏం" అన్నాడు. "ఏం, తాతా" అన్నాను. అంతే, 'లేదు' మింగేశాను. ఆ చలికాలమంతా అదే మా షికారు. మార్చిలో పోయాడు. బూట్లు నేనే విప్పాను. చెయ్యి విసురుతాడేమోనని అప్పుడు కూడా ఒక్క క్షణం ఆగాను.

ఆ రోజు బ్రేక్‌లో ఫోన్ చేస్తే పాపే ఎత్తింది. దాని గొంతు వింటే పరిగెత్తుకుపోవాలనిపించింది.

"ఏం చేస్తన్నావమ్మా?"

"ఏం లేదు."

ఏ పిల్లైనా అనే మాటే. నాకు మాత్రం ఇల్లు లేదన్నట్టే వినిపించింది.

"అట్టా అనమాక తల్లీ" అన్నాను.

"ఏం?" అంది పాప.

ఇంకొక్కసారి అనమ్మా అని అడిగాను.