మూడో భాగంలో కెప్టెన్ చావు

శ్రీరంగప్ప పేరెత్తితే ఇప్పటికీ నాకు రోత. ఆయన మా నాటక సమాజానికి యజమాని. నేను ఆయన దగ్గర పద్దెనిమిదేళ్ళు హార్మోనియం వాయించిన కుళ్ళాయప్పను. అయితే ఈ కథ మా ఇద్దరిదీ కాదు, ధర్మవరంలో గుంతమగ్గం మీద పట్టుచీరలు నేసే నరసింహప్పది. అతన్ని పేరు పెట్టి పిలిచిన వాళ్ళు తక్కువ. కంబదూరు నుంచి సోమందేపల్లె దాకా ఏ ఊళ్ళో అడిగినా 'కెప్టెన్' అంటేనే తెలిసేది.

డెబ్బై మూడులో శ్రీరంగప్పకు ఒక ఆలోచన వచ్చింది. మనుషులు చంద్రుడి మీద కాలు పెట్టి నాలుగేళ్ళయింది, మన నాటకాల్లో ఇంకా రాజులూ రాక్షసులేనా, ఈసారి రాకెట్ ఎక్కిద్దాం అన్నాడు. వానల్లేని ఊరి నుంచి నలుగురు నీళ్ళు వెతుక్కుంటూ చంద్రుడి మీదికి పోతారు. అదీ కథ. వెదురుబద్దలకు గోనెపట్టలు చుట్టి, సున్నం కొట్టి రాకెట్ చేశాం. కెప్టెన్ తలకు ఏదో ఒకటి కావాలి కదా అంటే, నరసింహప్ప భార్య ఆంజినమ్మ తను సంగటి వండే సత్తు తపేలా తెచ్చిచ్చింది. దానికి రెండు చెవుల దగ్గరా, నేతలో పోగును అటూ ఇటూ లాక్కుపోయే మగ్గం నాడెలు కట్టాం. అదేమిటో, పెట్రోమాక్సు వెలుతురులో ఆ తపేలా నిజంగానే వేరే లోకం సొత్తులా కనిపించేది.

నటించడం నరసింహప్పకు పెద్దగా రాదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక నడుముకు ఆనించుకునేవాడు. గొంతు మాత్రం అసలైంది. పొద్దస్తమానం మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని, పోగును బిగించే పలక దెబ్బకు సరిగ్గా పాడుకుంటూ సాధించిన గొంతు. మూడో అంకంలో చంద్రుడి మీద రాయి ఎత్తితే చేతికి తడి తగులుతుంది. అప్పుడు మోకాళ్ళ మీద కూలబడి 'నీటిచుక్కా, మా ఊరి దారి ఎరుగుదువా' అని ఎత్తుకునేవాడు. ఆ పద్యం కట్టింది కూడా అతనే, మగ్గం మీదే. బెళుగుప్పలో ఆ పద్యం వింటూ ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకోవడం నేను కళ్ళారా చూశాను.

మా పక్క నాటకాలకు ఒక కట్టు ఉంది. పద్యం నచ్చి జనం 'వన్స్ మోర్' అన్నారంటే మళ్ళీ పాడి తీరాలి. పాడినవాడు కథలో అప్పటికే చచ్చి పడి ఉన్నా సరే, లేచి, దుమ్ము దులుపుకుని, పాడి, మళ్ళీ చావాలి. ఎవరూ నవ్వరు. అది జనం హక్కు. నరసింహప్ప పద్యానికి వన్స్ మోర్ పడని ఊరు లేదు.

నాటకం ఆడిన చోటల్లా నిండింది కాబట్టి డెబ్బై ఎనిమిదిలో శ్రీరంగప్ప రెండో భాగం కట్టాడు, అంగారకుడి మీదికి. అందులో కెప్టెన్ తన బామ్మర్ది వెంకటేశులు. పాత వేషగాళ్ళెవరికీ కబురు కూడా పంపలేదు. వెంకటేశులుకు మెడలో రుమాలు కొత్తది, శ్రుతి ఎక్కడుందో మాత్రం తెలీదు. నరసింహప్ప ఆ నాటకాన్ని నేల మీద కూర్చుని చూసి ఇంటికి పోయాడు. ఆ తర్వాత ఏడేళ్ళు మగ్గమే. జరీ పోగులు చూసి చూసి కళ్ళు మసకబారాయి. తపేలా మళ్ళీ పొయ్యి మీదికెక్కింది.

ఎనభై ఐదుకు వీడియో హాళ్ళు వచ్చి మా నాటకాల ముందు కుక్కలు తప్ప ఎవరూ మిగల్లేదు. అప్పుడు గుర్తొచ్చాడు శ్రీరంగప్పకు పాత కెప్టెన్. శనిగ్రహం మీదికి మూడో భాగం రాసుకుని, నన్ను వెంటబెట్టుకుని ధర్మవరం వచ్చాడు. చంకలో గోడపత్రికల చుట్ట. 'అసలు కెప్టెన్ నరసింహప్ప మళ్ళీ వస్తున్నాడు' అని అడక్కముందే అచ్చేయించేశాడు. సిగ్గులేనితనానికైనా ఒక హద్దుండాలి కదా.

నరసింహప్ప గుంతలోంచి లేవకుండానే అడిగాడు.

"నా పద్యముండాదా అన్నా?"

"లేకుంటే ఎట్లప్పా! నీ పద్యం కోసమే గదా జనం వచ్చేది."

"పద్యముంటే వస్తా. దుడ్లు నువ్వేమిచ్చినా సరే."

ఆంజినమ్మ మాత్రం నమ్మలేదు. "ఏడేండ్లు యాడ పోయినాడంట ఈ పెద్దమనిషి?" అని శ్రీరంగప్ప మొహం మీదే అడిగింది. అయినా తపేలా అడుగున మసి తోమి తోమి, తెల్లగా చేసి, మళ్ళీ నాడెలు కట్టి మొగుడి చేతికిచ్చింది.

కంబదూరులో రిహార్సల్‌కు కూర్చున్నాక గానీ అసలు సంగతి బయటపడలేదు. నాటకం మొదలైన పది నిమిషాలకు, రాకెట్‌లో ఏళ్ళ తరబడి నిద్రపోతున్న పాత కెప్టెన్ లేస్తాడు. తపేలా తీసి కొత్త కెప్టెన్ వెంకటేశులు నెత్తిన పెడతాడు. 'ఇక నీదే భారం' అంటాడు. చస్తాడు. అంతే. పద్యం మూడో అంకంలో వెంకటేశులు పాడతాడట.

"నా పద్యమన్నా?" అన్నాడు నరసింహప్ప.

"టైము సాలదప్పా. నిన్ను సూస్తే సాలు జనానికి."

థూ! ఆ మాటకు నేను హార్మోనియం మూసి లేచిపోయి ఉండాల్సింది. లేవలేదు. నరసింహప్ప కూడా పోలేదు. గోడ మీద తన పేరు చూసి వచ్చే జనానికి మొహం చాటేయలేనన్నాడు.

ఆ సాయంత్రం సంత మైదానం నిండిపోయింది. పాత కెప్టెన్ లేచాడు, తపేలా అప్పజెప్పాడు, పడిపోయాడు.  తర్వాత వెనక వైపు నుంచి హనుమక్క అనే ముసలామె, సంతలో చింతపండు అమ్ముకునే ఆమె, లేచి నిలబడి "వన్స్ మోర్!" అని అరిచింది. పాడని పద్యానికి వన్స్ మోర్ అడగడం నేనెక్కడా వినలేదు. ఆమె అడుగుతున్నది పన్నెండేళ్ళ కిందటి పద్యం. మైదానమంతా ఆ కేక అందుకుంది.

శ్రీరంగప్ప తెర పక్క నుంచి వద్దు వద్దని చెయ్యి ఊపాడు. నేను చూడనట్టే శ్రుతి పట్టాను. ఆ సమాజంలో నేను చేసిన మంచిపని అదొక్కటే. చచ్చిన కెప్టెన్ లేచి, నెత్తిన తపేలా లేకుండా, నెరిసిన జుట్టుతో, మోకాళ్ళ మీద కూర్చుని పాడాడు. పైస్థాయిలో గొంతు కాస్త జీరపోయింది. ఎవరికీ పట్టలేదు. ఆ ఏడు కూడా వానల్లేవు. పాడి, మళ్ళీ పడుకుని చచ్చిపోయాడు. నాకు ఏడుపొచ్చింది.

అక్కడితో ఆగి ఉంటే నాకు ఇంత రోత ఉండేది కాదు. మర్నాడు బెళుగుప్పలో శ్రీరంగప్ప నలుగురు మనుషులకు టీలూ బీడీలూ ఇప్పించి ముందు వరుసలో కూర్చోబెట్టాడు. కెప్టెన్ చావగానే వాళ్ళు అరవాలి. కెప్టెన్ లేచి పాడాలి. ఇకమీదట ఊరూరా ఇదే పద్ధతి. నరసింహప్పకు ఈ ముక్క చెప్పలేదు. నాతో మాత్రం "సావగానే శ్రుతి పట్టు" అన్నాడు. నేను సరేనన్నాను.

నరసింహప్ప తల ఇంకా నేలకు ఆనకముందే నలుగురూ అరిచేశారు. నా వేళ్ళు అప్పటికే హార్మోనియం మెట్ల మీద ఉన్నాయి. అతను కదల్లేదు. మళ్ళీ అరిచారు. నేను శ్రుతి లాగుతూనే ఉన్నాను. వెనకున్న జనం ఏం జరుగుతోందో అర్థంకాక మెడలు చాచారు. శ్రీరంగప్ప తెర సందులోంచి "లేయప్పా, లేయ్!" అని బుసకొట్టాడు.

"సచ్చినోడు యాడ లేస్తాడన్నా," అన్నాడు నరసింహప్ప కళ్ళు తెరవకుండానే.

చివరికి అతన్ని మోసుకుని లోపలికి తెచ్చారు. నాటకం ముగిసేదాకా ట్రంకుపెట్టె మీద కూర్చున్నాడు, తపేలా వెంకటేశులు నెత్తిన ఉంది కాబట్టి. మూడో అంకంలో తన పద్యాన్ని వాడు అపశ్రుతిలో ఖూనీ చేస్తుంటే మొహానికి నూనె రాసుకుని రంగు తుడుచుకున్నాడు. తపేలా చేతికొచ్చాక నాడెలు విప్పి జేబులో వేసుకున్నాడు.

"కట్టు తప్పినావే అన్నా," అన్నాను నేను. ఆ మాట అనడానికి నాకు నోరెలా వచ్చిందో.

"నిన్న పిలిచింది ఆయమ్మ, కుళ్ళాయప్పా. ఈ పొద్దు పిలిచింది శ్రీరంగప్ప. నేను పడకముందే నీ శ్రుతి ఇనపడె."

తపేలా చంకన పెట్టుకుని బస్సు కోసం రోడ్డు మీదికి పోయాడు. ఆ తర్వాత అతను రంగు పూసుకోలేదు.

శ్రీరంగప్పకు ఏమీ కాలేదు. బెళుగుప్పలోనే రామప్ప అనే ముసలాయన దొరికాడు. అతని నెత్తికి కొత్త తపేలా కొన్నారు. గోడపత్రిక మార్చలేదు, దాని మీద నరసింహప్ప పేరే ఉంది. రామప్ప ఆ ఏడాది పదకొండు ఊళ్ళలో చచ్చి, నలుగురు అరవగానే పదకొండు ఊళ్ళలోనూ లేచాడు. అన్నిచోట్లా శ్రుతి పట్టింది నేనే.