టోక్యో చూసిన ముల్లంగి

ఆ రోజుల్లో లోకం ఇంతగా అరచేతిలోకి రాలేదని అందరూ అంటారు గాని, నా విషయంలో అది నిజం కాదు. ఫోన్లు అప్పటికే అందరి చేతుల్లోనూ ఉన్నాయి, నేనే వాటిని నమ్మేదాన్ని కాదు. చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేదని మా నాన్న బడికి పంపకుండా ఇంట్లోనే చదివించారు. అందువల్ల శ్లోకాలూ లెక్కలూ పద్యాలకు అర్థాలూ వచ్చు గాని, కొత్త చోట ఎవరినైనా ఆపి "ఇదేమిటండీ?" అని అడగడం రాదు. ఏ కొత్త సంగతైనా నాకు తెలిసిన పాత సంగతిలాగే ఉంటుందని గట్టిగా అనుకునేదాన్ని. ఆ నమ్మకంతోనే పెళ్ళి చేసుకున్నాను, ఆ నమ్మకంతోనే అమెరికా వచ్చి క్యారీలో కాపురం పెట్టాను (స్వామి దయవల్ల రెండూ చక్కగానే జరిగాయి), ఆ నమ్మకంతోనే టోక్యో మహానగరంలో ఒక రోజంతా ముల్లంగిని చంకలో పెట్టుకుని తిరిగాను.

పెళ్ళయిన రెండో ఏడు ఇండియా వెళ్ళి తిరిగి వస్తున్నాం. మాతో మా ఆడపడుచు కూడా ఉంది. ఎమ్మెస్‌లో సీటు వచ్చి మొదటిసారి అమెరికాకు బయల్దేరింది. టికెట్లు చవగ్గా దొరికాయని మా ఆయన టోక్యోలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆగేలా బుక్ చేసి, ఊరు చూడటానికి వీసాలు కూడా ముందే తీయించారు. ఆఫీసులో ప్రాజెక్టు నడిపే మనిషి కదా, ఊరు చూడటం కూడా ప్రాజెక్టులాగే నడిపారు. ముందు ఎర్ర లాంతరు వేలాడే పెద్ద గుడి, తర్వాత షిబుయాలో జనమంతా ఒక్కసారిగా రోడ్డు దాటే చోటు, ఆ తర్వాత ఊరంతా కనిపించే టవరు, అక్కడి నుంచి ఎయిర్‌పోర్టు. "మధ్యలో మంచినీళ్ళ కోసం ఆగినా ప్లాన్ చెడుతుంది," అని రైల్లోనే హెచ్చరించారు.

ఆ ప్లాన్‌ని చెడగొట్టింది మా ఆడపడుచు. లాంతరు గుడిలో ధూపం పొగను అందరిలాగే నెత్తికి అద్దుకుని బయటికి వస్తుంటే, ఫోన్ చూస్తూ, "వదినా, ఇక్కడికి దగ్గర్లోనే వినాయకుడి గుడి ఉందట! సీరియస్‌లీ, మన వినాయకుడే. వీళ్ళు వేరే పేరుతో పిలుస్తారు," అంది. ఇంకేముంది! ఇంత దూరం వచ్చి స్వామిని చూడకుండా ఎలా వెళ్తాం?

"పది నిమిషాలే," అన్నారు మా ఆయన.

నదికి దగ్గరగా చిన్న గుట్ట మీద ఉంది గుడి. మెట్లెక్కగానే ఒక కౌంటరు, అక్కడ తెల్లటి ముల్లంగులు వరసగా పేర్చి ఉన్నాయి. నా చెయ్యి పొడవున ఉన్నాయి ఒక్కొక్కటీ. ఆ స్వామికి ముల్లంగి అంటే ఇష్టమట. నా కళ్ళు చెమర్చాయి. తిరుపతిలో లడ్డూ ఉన్నట్టే ఇక్కడ ముల్లంగి ప్రసాదమన్నమాట! మారు ఆలోచించకుండా ఒకటి కొన్నాను. కౌంటర్లో పెద్దాయన దాన్ని గుడి ముద్ర ఉన్న కాగితం సంచిలో పెట్టి రెండు చేతులతో అందించాడు. నేను కళ్ళకద్దుకున్నాను. గర్భగుడి వైపు తిరిగి దణ్ణం పెట్టి (స్వామి విగ్రహం ఎవరికీ చూపించరు, అయినా ఆయన మనల్ని చూస్తాడుగా), ముల్లంగితో పాటే ప్రదక్షిణం చేసి మెట్ల వైపు నడిచాను. పెద్దాయన వెనక నుంచి ఏదో అంటూ లోపలికి చెయ్యి చూపించాడు. దర్శనం బాగా అయిందా అని అడుగుతున్నాడనుకుని వంగి నమస్కరించాను. ఆయనా వంగాడు. ఊరుకుంటే మర్యాద కాదని నేను మళ్ళీ వంగాను. ఆయన మళ్ళీ వంగాడు. మా ఆయన వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కుపోకపోతే ఇద్దరం ఇప్పటికీ అక్కడే ఉండేవాళ్ళం.

మెట్లు దిగాక మా ఆయన సంచిలోకి తొంగి చూశారు. "ఏంటిది?"

"ప్రసాదమండీ."

"ప్రసాదం సరే. దీన్నేం చేస్తావ్?"

"ఇంటికి తీసుకెళ్ళి వండి, మన క్యారీ వాళ్ళందరికీ తలా కాస్త పెడతాను."

ఆయన ఆగిపోయారు. "అమ్మా తల్లీ! పచ్చి కూరగాయల్ని అమెరికాలోకి రానివ్వరు. దిగగానే సామాన్లు వాసన చూసే కుక్క ఉంటుంది అక్కడ."

"అవును వదినా, నాది ఫస్ట్ ఎంట్రీ," అంది ఆడపడుచు, మొహం పాలిపోయి. "ఎఫ్-వన్ వీసా మీద వెళ్తూ ముల్లంగితో పట్టుబడితే ఇంటికి ఫోన్ చేసి ఏమని చెప్పాలి?"

నాకూ భయమేసింది. కానీ ప్రసాదాన్ని పారేయడం నా వల్ల అయ్యే పని కాదు. కింద పెట్టకూడదు, కాలు తగలకూడదు, ఒక్క మెతుకు వృథా చేయకూడదు అని పెంచారు నన్ను. ఆ సంగతి చెప్పలేక, చెప్పకుండా ఉండలేక, సంచిని గుండెలకు హత్తుకుని నిలబడ్డాను. నా వాలకం చూసి మా ఆయన నిట్టూర్చారు. "సరే, సాయంత్రంలోగా ఏదో ఒకటి చేద్దాం. పదండి, ఇప్పటికే లేటు."

అలా మొదలైంది. షిబుయాలో నలువైపుల నుంచీ జనం ఒక్కసారిగా కదిలినప్పుడు, ఎవరి మోచెయ్యీ తగలకుండా ముల్లంగిని నెత్తిన పెట్టుకుని దాటాను. ఆడపడుచు దాన్ని వీడియో తీసింది. ఒక విదేశీ జంట కూడా తీసింది (వాళ్ళ ఆల్బంలో నేను జపాను ఆచారంగా మిగిలిపోయి ఉంటాను). యజమాని కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన కుక్క విగ్రహం ముందు ఫోటోలు దిగుతుంటే, మా ఆయన నా వైపు చూసి, "ఈ కుక్క మంచిది, సంచులు వాసన చూడదు," అన్నారు. టవరు దగ్గర బ్యాగులు తనిఖీ చేసే అమ్మాయి సంచి తెరిచి, ముల్లంగిని చూసి, నన్ను చూసి, మళ్ళీ ముల్లంగిని చూసి, ఎంతో గౌరవంగా మూసి ఇచ్చింది. పైన అద్దాల వెనక ఊరంతా పరుచుకుని ఉంటే అందరూ పిల్లల్ని ఎత్తుకుని చూపిస్తున్నారు. నేనూ సంచి అంచు కొంచెం కిందికి మడిచాను.

"వదినా, దానికి కూడా చూపిస్తున్నావా?"

"గాలాడాలి కదా," అన్నాను.

దారిలో ఒకసారి మా ఆయన ఓపిక నశించి, "కళ్ళు మూసుకో, నేను పారేసి వస్తాను, పాపం నాకే అంటుకోనీ," అని వెళ్ళారు. చాలాసేపటికి ముల్లంగితోనే తిరిగొచ్చారు. "ఇంత పెద్ద ఊళ్ళో రోడ్డు మీద ఒక్క చెత్తబుట్ట లేదేంటే!" అన్నారు. నేను స్వామికి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

ఇక మిగిలింది ఒకటే దారి, విమానం ఎక్కేలోపు తినేయడం. ఎయిర్‌పోర్టులో ఒక బెంచీ మీద కూర్చున్నాం. చాకు లేదు. మా ఆయన బాటిల్ నీళ్ళతో దాన్ని కడిగి, చెరుకుగడను విరిచినట్టు మోకాలికేసి విరిచారు. దుకాణంలో అడిగి తెచ్చిన ఉప్పు పొట్లం విప్పాం. మొదట తియ్యగానే ఉంది. కిందికి వెళ్ళేకొద్దీ ఘాటు మొదలైంది. చివరకొచ్చేసరికి ముగ్గురికీ ముక్కుల్లోంచీ కళ్ళల్లోంచీ ధారలు.

"అన్నయ్యా, నావల్ల కాదు."

"తినవే, నీ వీసా కోసమే తింటున్నాం!"

ఎదురుగా కూర్చున్న ఒక జపాను పెద్దావిడ మమ్మల్ని చాలాసేపటి నుంచీ చూస్తోంది. ఎవరినో విడిచి వెళ్తూ ఏడుస్తున్నామని అనుకుంది కాబోలు, లేచి వచ్చి కాగితం రుమాళ్ళ పొట్లం నా చేతిలో పెట్టి భుజం నిమిరింది. అప్పుడే ఆమె కళ్ళు సంచి మీది ముద్ర మీద పడ్డాయి. తర్వాత మా చేతుల్లోని ముక్కల మీద పడ్డాయి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"దిస్... ఫర్ గాడ్," అంది మెల్లగా, ఒక్కో మాటా వెతుక్కుంటూ. "యూ బై. యూ గివ్ గాడ్. గాడ్ ఈట్."

ముందు అర్థమైంది ఆడపడుచుకు. "వదినా... అది ప్రసాదం కాదు. అక్కడ కొని, లోపల దేవుడికి ఇచ్చేసి రావాలి. అది స్వామి భోజనం."

మన గుళ్ళో కౌంటరు దగ్గర దేవుడు మనకిస్తాడు, అక్కడ కౌంటరు దగ్గర మనం దేవుడికి కొంటాం. అది తెలియక స్వామి ముందున్న కంచం లాక్కున్నట్టు తెచ్చేశాను. పెద్దాయన పాపం అందుకే పిలిచాడు. మా ఆయన మొదట పెద్దగా నవ్వారు, నా మొహం చూసి ఆపేశారు. ఘాటు వల్ల వచ్చిన కన్నీళ్ళు ఎప్పుడు ఆగాయో, నిజమైనవి ఎప్పుడు మొదలయ్యాయో నాకే తెలియలేదు.

"ఏవండీ, ఈ కొస ముక్క ఇంకా ఎవరూ కొరకలేదు," అన్నాను కాసేపటికి. "ఎంగిలి కాలేదు. ఇది ఇప్పుడైనా..."

"ఇప్పుడు గుడికి వెళ్ళే టైమ్ లేదే," అన్నారు, కానీ మెత్తగా అన్నారు.

"వెళ్ళక్కర్లేదండీ. గుడి ఎటు వైపో తెలిస్తే చాలు."

మా ఆయన ఇంట్లో దీపం వెలిగించినప్పుడు కూడా పక్క గదిలో క్రికెట్ చూసే మనిషి. అలాంటాయన ఫోన్ తీసి, మ్యాప్ తెరిచి, గుడిని వెతికి, బెంచీ చుట్టూ నెమ్మదిగా తిరుగుతూ దిక్కు సరిచూసుకున్నారు. ఒక చోట ఆగి, చెయ్యి చాచి, "అటు. ఆ కాఫీ కొట్టు మీదుగా," అన్నారు.

ఆ కాఫీ కొట్టుకేసి తిరిగి నిలబడి, ముక్క చుట్టూ నీళ్ళు తిప్పి, నైవేద్యం పెట్టాను. మా ఆయన పక్కన నిలబడ్డారు, ఫోన్ దించకుండా, అది దించితే స్వామి దారి తప్పుతాడన్నట్టు. తర్వాత ఆ ముక్కను నలుగురం పంచుకున్నాం. పెద్దావిడ తన వాటా నమిలి, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే తల ఊపి, నా చెయ్యి నొక్కింది. అమెరికాలో దిగినప్పుడు కుక్క వచ్చింది, మా సంచులు వాసన చూసింది, మా చేతులు కాసేపు ఎక్కువగా చూసింది, వెళ్ళిపోయింది. ఆడపడుచు చదువు ముగించి, ఇప్పుడు అక్కడే కాపెల్ అనే ఊళ్ళో ఇద్దరు పిల్లలతో సుఖంగా ఉంది. ఎవరికి కృతజ్ఞత చెప్పుకోవాలో నాకు తెలుసు.

ఇప్పుడు ఏ ఊరు వెళ్ళినా ముందే అన్నీ చదువుకుని వెళ్తున్నాను. ఎక్కడ ఏమి ఇవ్వాలో, ఏమి పుచ్చుకోవాలో తెలుసు. పొరపాట్లు జరగడం లేదు. అందుకే కాబోలు, ఒక్కోసారి పూజకు కూర్చుంటూ, "ఏవండీ, తూర్పు ఎటు?" అని అడుగుతుంటాను. మా వంటింటి కిటికీలోంచి రోజూ సూర్యుడు నా మొహం మీదే ఉదయిస్తాడు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా క్రికెట్ ఆపి, ఫోన్ తీసుకుని వస్తారు.