మావయ్య ఖాళీగా వదిలిన గడి

ఫిబ్రవరి నెలాఖరు. రాత్రంతా ముసురు పట్టి, తెల్లారేసరికి చలిగాలి తిరిగింది. మొదటి షిఫ్టులో ఉక్కు మిల్లులో రోల్స్ మార్చే పని పడింది. మధ్యాహ్నం గేటు బయట సైకిలు తీస్తుంటే మా లైన్లో ఉండే సర్దార్జీ ఎదురొచ్చాడు. "భయ్యా, ఆప్‌కే మామాజీ గుజర్ గయే" అన్నాడు. పక్క క్వార్టరు మావయ్య పోయారు.

మాకు చుట్టరికం లేదు. ఆయనది నరసన్నపేట వైపు, మాది పాలకొండ వైపు. ఇంత దూరం వచ్చి, దుర్గ్ దగ్గరి ఈ ప్లాంటు కాలనీలో, సెక్టర్ ఆరులో ఒకే గోడకి అటూ ఇటూ ఉన్నందుకే మావయ్య అయ్యారు. ప్లాంటు అకౌంట్సులో గుమాస్తా.

ఏటా పన్ను ఫారాలు ఇచ్చే రోజుల్లో మన వైపు వాళ్ళంతా సాయంత్రాలు ఆయన వరండాలో చాప మీద కూర్చునేవారు. బీమా రసీదులతో పాటు, ఊళ్ళో తల్లికి పంపిన మనియార్డరు రసీదులు కూడా దారానికి గుచ్చి తెచ్చేవారు. ఎన్నేళ్ళు చెప్పినా ఆ అలవాటు పోలేదు.

"ఇయ్యన్నీ ఏటిరా?"

"అమ్మకి పంపినవి మావా. ఇది మాత్రం కర్చు కాదేటి?"

"మీ అమ్మకి నువ్వు పెట్టింది సర్కారు ఎందుకు రాసుకుంటాది? మీ అమ్మ రాసుకుంటాది."

"మా అమ్మకి రాయడం రాదు మావా."

"మరీ మంచిది. ఎంత తక్కువ పంపినా తెలీదు."

చాపంతా నవ్వేది. ఆయన నవ్వేవారు కారు. చెవి మీద పెన్సిలు తీసి, మొదటిసారి చెబుతున్నట్టే మళ్ళీ చెప్పేవారు. "జీతగాడికి అడక్కుండానే పన్ను లెక్కలోంచి తీసేసేది ఒకటుంది, స్టాండర్డ్ డిడక్షన్. అది చాలనుకుంటే సంతకం పెట్టి ఇంటికెళ్ళు. ఇంకా కావాలంటే ఒక్కొక్కటీ రాయాలి, ఒక్కోదానికీ కాయితం చూపించాలి."

మా వాడికి పోలియో. అవిటి పిల్లల్ని సాకేవాళ్ళకి పన్ను తగ్గేలా ఫారంలో ఒక గడి ఉండేది. దానికి సర్కారు డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. నేను ఒప్పుకోలేదు. ఆఫీసులో అందరూ చూసి జాలి పడతారన్నాను.

"పడనీ. వాడి బూటు ఎవడు కొంటాడు? ఆ కుంటుకాలుతో గల్లీ అంతా తిరిగే గుంటడికి లేని సిగ్గు నీకేటల్లుడూ? ఎల్లి రాయించుకురా."

వెళ్ళి రాయించుకొచ్చాను. ఇప్పుడు మా వాడు ఆ బూటుతోనే స్కూలుకి నడిచి వెళ్తాడు.

తరవాతి ఏడు ఆయన సొంత ఫారం చూశాను. ఆ గడి ఖాళీగా ఉంది. ఆయనకి ఒక్కతే కూతురు. ఇరవై దాటినా మాట రాలేదు, బట్ట కట్టుకోవడం తెలీదు. రోజూ పొద్దు వాలాక అత్త పెరటి మెట్టు మీద దాన్ని కూర్చోబెట్టి, చెంబు చూపించి, "నీల్లు. అనమ్మా, నీల్లు" అనేది. ఆ పిల్ల తల్లి పెదాల వంక చూసేది. గోడకి ఇవతల మాకు రోజూ వినపడేది.

"మరి మీరు రాయలేదేం?" అని అడిగాను.

ఆయన చాలాసేపు పెన్సిలు చెక్కారు. "మీవోడి కాలు అందరికీ కనపడేదే. డాక్టరు కొత్తగా చెప్పేదేటీ లేదు. మా పిల్లకి మాత్రం ఎప్పటికీ ఇంతేనని రాయాలి. అలా రాస్తేనే చెల్లుతాది. అది చదివిన నాడు మీ అత్త ఆశ ఒదిలేస్తాది. నాకు అడక్కుండా ఇచ్చింది చాల్లే."

ఈ చలికాలం ఆయనకి ఛాతీలో జబ్బని తేలింది. డాక్టరు ఏం చెప్పాడో ఎవరికీ చెప్పలేదు. ఒక పొద్దున్న కూతురికి తల దువ్వించి, రిక్షాలో దుర్గ్ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. తిరిగొచ్చేసరికి అత్త గుమ్మంలోనే నిలబడి ఉంది. నేను వాళ్ళ కుళాయికి వాషరు వేస్తున్నాను.

"ఏటి రాసినారు?"

"ఎప్పటికీ ఇంతేనని."

అత్త పిల్ల చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి అన్నం పెట్టింది.

ఈ ఏడు ఆ గడి నింపారు. ఇన్నేళ్ళు ఆగి ఇప్పుడెందుకన్నాను.

"పన్ను కోసం కాదల్లుడూ. నేను పోయాక డబ్బులిచ్చేటప్పుడు ఈ పిల్ల సంగతేటని ఆఫీసోడు అడిగితే మీ అత్త నోటితో చెప్పలేదు. కాయితం చెప్తాది."

ఆసుపత్రికి వెళ్ళొచ్చిన సాయంత్రం నుంచే పెరట్లో పాఠం లేదు. అత్త మెట్టు మీద కూర్చునేది, పిల్ల పక్కన కూర్చునేది. ఆయన కిటికీలోంచి చూసేవారు. చేసింది సరైనదేనా అని నన్నొకసారి అడిగారు. నాకు తెలీదన్నాను.

ఫారం ఇచ్చిన కొద్ది రోజులకే పోయారు. మన వాళ్ళే మోశారు. వాన వల్ల కట్టెలు తొందరగా అంటుకోలేదు.

కంపెనీ క్వార్టరు అప్పగించాలి. కర్మ అయ్యాక అత్త తమ్ముడు వచ్చి సామాను కట్టాడు. హోళీ మర్నాడు పొద్దున్న, నేను షిఫ్టుకి బయల్దేరే వేళ, తల్లీ కూతురూ అతనితో రిక్షా ఎక్కి స్టేషనుకి వెళ్ళిపోయారు.